బిడ్డ చిక్కుట విధివ్రాత కాదు



మన సంఘములోని పెద్దలు కొందరు మాతో ఇట్లనిరి: "మీరు వారపత్రికలో భాషను గూర్చి వ్రాయుడు, బడులను గూర్చి వ్రాయుడు, పండుగలను గూర్చి వ్రాయుడు. పసిపిల్లల తిండిని గూర్చి వ్రాయుటకు మనకేమి పని? అది కూలినాలివారి బాధ. మన ఇండ్లలో అన్నమునకు కొదువయా?"

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట మా విధి. ఆ సమాధానమును దాచక మొదటనే చెప్పుచున్నాము. మన ఇండ్లలో అన్నమునకు కొదువ లేదు. ఐనను మన బిడ్డలు చిక్కుచున్నారు. అన్నము లేక బిడ్డ చిక్కినచో అది దారిద్ర్యము. దానికి ప్రభుత్వమును నిలదీయవచ్చును. అన్నముండియు బిడ్డ చిక్కినచో అది ఇంటి పెద్దల బాధ్యత. దానికి ఎవరిని నిలదీయుదుము?

"కుండలో కూడు కూడుగానే ఉండవలెను, బిడ్డ దుడ్డువలె ఉండవలెను" అని మన పూర్వులు లోభిని వెక్కిరించుటకు ఒక సామెత చెప్పిరి. నేడు లోభము లేని ఇండ్లకును ఆ సామెత వర్తించుచున్నది. కుండ నిండుగనే యున్నది. అందలి కూడు ఎవరికి, ఎప్పుడు, ఎంత చేరుచున్నదను విచారణ మాత్రము లేదు.

మేము ఊహించి వ్రాయుట లేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు. మన కర్ణాటక రాష్ట్రమున అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన ఎత్తు లేనివారు నూటికి 35.4, వయస్సునకు తగిన బరువు లేనివారు 32.9, ఎత్తునకు తగిన బరువు లేక కృశించినవారు 19.5. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు వారిలో రక్తహీనత గలవారు నూటికి 65.5. దేశమంతటి లెక్కలును ఇంచుమించుగా ఇట్లే యున్నవి.

"అవన్నియు పేదల లెక్కలు" అని తప్పించుకొనుటకు వీలు లేదు. అదే సర్వేలో దేశమందలి కుటుంబములను ఆస్తినిబట్టి అయిదు భాగములుగా విడదీసి చూచిరి. అందు మిక్కిలి సంపన్నులైన పైభాగమునందు సైతము నూటికి 20 మందికి పైగా పిల్లలు ఎత్తు తగ్గియున్నారు. మిక్కిలి పేదలలో ఇది సుమారు రెండింతలు. పేదరికము పెద్ద కారణమే; మేము కాదనము. కాని మేడలోనున్న బిడ్డ కూడ చిక్కుచున్నప్పుడు "పేదరికము" అను ఒక్క మాటతో చేతులు దులుపుకొనుట న్యాయము కాదు.

ఇంకొక వాదము కలదు. "మా కాలమున ఈ తూకములు, ఈ లెక్కలు ఏమియు లేకయే మేము పెరుగలేదా?" అని అవ్వలును తాతలును అడుగుదురు. పెద్దలపై గౌరవముతోనే చెప్పుచున్నాము. 1951 ప్రాంతమున మన దేశములో పుట్టిన ప్రతి వేయి మంది శిశువులలో సుమారు 146 మంది ఏడాది నిండకయే గతించుచుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. బ్రతికినవారే "మేము పెరిగితిమి" అని సాక్ష్యము చెప్పుదురు. పోయిన పసివారు సభకు వచ్చి చెప్పరు.

ఇక బిడ్డ ఎక్కడ చిక్కుచున్నది? ఉయ్యాలలో కాదు, తల్లి గర్భముననే మొదలగుచున్నది. గర్భము ధరించిన దినము మొదలు బిడ్డకు రెండేండ్లు నిండువరకు గల సుమారు వేయి దినములే బిడ్డ ఎదుగుదలకు ముఖ్యకాలమని వైద్యులు చెప్పుచున్నారు. ఆ కాలమున తగ్గిన ఎత్తును తరువాత ఎంత నెయ్యి పోసినను పూర్తిగ తిరిగి తెచ్చుట మిక్కిలి కష్టము. కావున మొదట కోడలి కంచమును చూడవలెను.

మన ఇండ్లలో ఇంటి కోడలు ఎప్పుడు భుజించును? పురుషులు, పిల్లలు, అత్తమామలు, వచ్చిన చుట్టములు, అందరును తినిన పిమ్మట. అప్పటికి పప్పు అడుగంటును, కూర గిన్నె తుడుచుకొనవలసి వచ్చును. మిగిలిన చారుతో ఆమె ముద్ద దిగమ్రింగును. కడుపుతో నున్నప్పుడైన ఈ వరుస మారునా? మారదు సరికదా, "ఎక్కువ తినినచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగును" అని భయపెట్టుదురు. ఇది అజ్ఞానము. 2.5 కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకే ప్రమాదము హెచ్చు. కృశించిన తల్లికి కృశించిన బిడ్డ పుట్టుట వింత కాదు. దేశమందలి గర్భిణులలో సగము కంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నదని అదే సర్వే తేల్చినది.

ఈ రక్తహీనతకు ఆసుపత్రిలో ఇచ్చు ఇనుము-ఫోలిక్ ఆమ్లపు మాత్రలను గర్భమునందు 180 దినములు తినవలెను. "వేడి చేయును, నల్లని విరేచనమగును" అని వానిని కిటికీలో పెట్టి మరచువారు అనేకులు. ఆ ఫోలిక్ ఆమ్లము మన తెలుగువాని పేరుతో ముడిపడియున్నదని వీరికి తెలియునా? భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున తన సహచరులతో కూడి 1945లో దానిని కృత్రిమముగ తయారు చేయించిరి. సభలలో ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టుదుము. ఇంట ఆయన మాత్రను పారవైచుదుము. ఇది ఏమి ఆంధ్రాభిమానము?

చిన్న వయస్సు పెండ్లి మరియొక కారణము. అదే సర్వే ప్రకారము కర్ణాటకలో 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో అయిదుగురిలో ఒకరికి పదునెనిమిది నిండకయే వివాహమైనది. తానే ఇంకను ఎదుగవలసిన బాలిక బిడ్డను మోసినచో ఉన్న పోషణను ఇరువురు పంచుకొనవలసి వచ్చును, ఇరువురికిని చాలదు. కాన్పునకును కాన్పునకును ఎడము లేకపోవుటయు ఇట్టిదే. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1930ల నాడు ఆఫ్రికాలో గోల్డ్ కోస్టు అను సీమలో, అనగా నేటి ఘానాలో, పనిచేయుచు పసివారి కాళ్ళు వాచి, జుట్టు ఎర్రబడి, చర్మము ఊడు ఒక జబ్బును గుర్తించెను. అచటి జనులు దానిని "క్వాషియోర్కర్" అనిరి. తరువాతి బిడ్డ వచ్చినప్పుడు ముందటి బిడ్డకు వచ్చు జబ్బు అని దానికి అర్థము. చూడుడు: అదియు బంగారు సీమయే, ఇదియు బంగారు సీమయే. బంగారము త్రవ్విన చోటనే బిడ్డలు చంకదిగి చిక్కిపోయిరి. ఆ వాపును చూచి "బిడ్డ ఒళ్ళు చేసినాడు" అని మురియువారును, దిష్టి అని తాయెత్తు కట్టువారును మనలో నేటికిని కలరు.

బిడ్డ పుట్టినది. మొదటి గంటలోపల తల్లిపాలు పట్టవలెను. ఆ పసుపుపచ్చని ముర్రుపాలు బిడ్డకు మొదటి రక్ష. వానిని "చెడుపాలు" అని పిండి పారవైచి, తేనెయు, చక్కెరనీళ్ళును, ఆముదమును నాకించు ఆచారము ఇంకను పూర్తిగ పోలేదు. బాలింతకు పథ్యమని వెల్లుల్లికారము, ఎండు అన్నము మాత్రమే పెట్టి, త్రాగుటకు నీరు సైతము కొలిచి యిచ్చు ఇండ్లును కలవు. పాలిచ్చు ఆవునకు తవుడు, చెక్క, పచ్చిగడ్డి పెట్టవలెనని కోలారు జిల్లాలో చిన్న పిల్లవానికిని తెలియును. పాలిచ్చు తల్లికి ఆపాటి మన్ననయైన లేదా?

ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీటిబొట్టు సైతము అక్కరలేదు. ఆరు నెలలు నిండిన పిమ్మట తల్లిపాలు మాత్రమే చాలవు. ఇచటనే మన ఇండ్లలో పెద్ద పొరపాటు జరుగుచున్నది. అన్నప్రాశనము మహావైభవముగ చేయుదుము, బంధువులను పిలుతుము, వెండిగిన్నెలో పాయసము నాకింతుము. మరునాడు? మరల పాలసీసాయే! "అన్నప్రాశన నాడే ఆవకాయయా" అని మనము ఇతరులను పరిహసింతుము. ఆవకాయ అక్కరలేదు, మెత్తని పప్పన్నమైన రెండవనాడు పెట్టవలదా? ఆరు నెలలు నిండిన బిడ్డకు దినమునకు రెండు మూడు మారులును, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు మూడు నాలుగు మారులును గట్టితిండి పెట్టుచు, రెండేండ్లవరకు తల్లిపాలు మానిపింపకుండవలెను. పెద్దలతోపాటు రెండు పూటలు పెట్టినచో చాలునను భ్రమ విడువవలెను. పసిపొట్ట చిన్నది, ఒక్కసారి ఎక్కువ పట్టదు.

ఏమి పెట్టవలెను? అంగడివారము మేమే ఈ మాట వ్రాయుట వింతగా తోచవచ్చును, ఐనను వ్రాయుచున్నాము. అయిదు రూపాయల బిస్కత్తు పొట్లము పసిబిడ్డకు భోజనము కాదు. రంగుడబ్బాలలోని మాల్టుపొడి సంజీవని కాదు. టీ నీళ్ళలో ముంచిన రొట్టెముక్క బిడ్డ ఆకలిని చంపునే గాని ఒంటికి పట్టదు; పైగా టీ ఆహారమందలి ఇనుమును రక్తమున చేరనీయదు. పెద్దలు కొనినచో ఏ సరకైనను అమ్ముదుము. పసిబిడ్డకు అని అడిగినవారిని మాత్రము "రాగులు కొనుడు, పెసలు కొనుడు, వేరుసెనగ కొనుడు" అని వెనుకకు పంపుచున్నాము. దానివలన మాకు లాభము తగ్గినను ఊరికి నష్టము లేదు. రెండేండ్లలోపు పిల్లల డబ్బా ఆహారములను, పాలసీసాలను ప్రకటించి వ్యాపారము చేయుట, తల్లులకు నమూనాలు పంచుట 1992 నాటి చట్టముచేతను, 2003 నాటి సవరణచేతను నిషిద్ధము. తోడి వర్తకులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

మన నేల పంటయే మన బిడ్డకు మందు. రాగులు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు కలదు. బియ్యమున అందులో పదవవంతును లేదు. రాగులను నానబెట్టి, మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగ వేయించి, విసరి, పలుచని గుడ్డలో జల్లించి చేయు రాగిసరి మన అవ్వల విద్య. మొలకెత్తిన గింజల పిండితో కాచిన జావ ఎక్కువ పిండి వేసినను గట్టిపడదు. కావున చిన్న గిన్నెడు జావలోనే బిడ్డకు ఎక్కువ బలము చేరును. అందులో వేయించిన పెసరపిండి, వేరుసెనగపొడి, బెల్లము, ఒక చెంచా నూనె కలుపుడు. పప్పులో మునగాకు, తోటకూర మెదిపి పెట్టుడు. పుల్లని పండో, టొమాటో పులుసో జతపడినచో ఆకుకూరలోని ఇనుము బాగుగ ఒంటబట్టును. మన జిల్లా టొమాటోలు, మామిడిపండ్లు లారీల కొలది దూరదేశములకు పోవుచుండగా మన బిడ్డ నోటికి అందకపోవుట ఎంత అన్యాయము!

"మాంసకృత్తుల పొడి కొనకున్న బిడ్డ పెరుగదు" అని ప్రకటనలు ఘోషించును. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేర వెలయుచున్నది. అచటి డాక్టరు సి. గోపాలన్ మొదలగు శాస్త్రజ్ఞులు మన పిల్లలలో ముందుగ కొరవడుచున్నది ఏదో ప్రత్యేకమైన మాంసకృత్తు కాదనియు, మొత్తము తిండియే చాలుట లేదనియు చూపిరి. గోధుమ, సెనగ, వేరుసెనగ, బెల్లముతో చేసిన చవుక పిండిని కూడ ఆ సంస్థయే తయారుచేసినది. ఇవి మా అంగడిలో బస్తాలలో నున్న సరకులే, డబ్బాలోనివి కావు.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన కారణమొకటి కలదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటినుండి చాంపియన్ రీఫ్స్, మారికుప్పము, ఊరిగాము లైన్లలోని జనము జీవనమునకై సుమారు 100 కిలోమీటర్ల దూరమునగల బెంగుళూరునకు రైలెక్కుచున్నది. పురుషులే కాదు, పసిబిడ్డల తల్లులును తెల్లవారకముందే మారికుప్పము బండి పట్టుకొని, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరుచున్నారు. పదునాలుగు గంటలు బిడ్డ ఎవరి చేతిలో నున్నది? కన్నులు కనబడని అవ్వ చేతిలో, లేదా బడి మానిన అక్క చేతిలో. బిడ్డ ఏడ్చినచో బిస్కత్తు, మరల ఏడ్చినచో నీళ్ళపాలు. తల్లిని నిందించువారితో మేము ఏకీభవింపము. ఆమె జీతముతోనే ఆ ఇంటి పొయ్యి వెలుగుచున్నది. ఆ తల్లికి ఊరు ఏమి సాయము చేసినది అని అడుగుచున్నాము. 2017 నాటి చట్టసవరణచే పదిమందికి పైగా పనిచేయు చోట్ల మొదటి రెండు కాన్పులకు 26 వారముల జీతపు సెలవును, ఏబదిమందికి పైగానున్న చోట శిశుశాలయు హక్కుగ కలవు. ఎందరు తల్లులకు ఇది తెలియును? తెలిసినను అడుగుటకు వెనుక ఎవరు నిలుచుచున్నారు?

నీటి సంగతి అందరును ఎరిగినదే. కొనితెచ్చుకొన్న బిందెడు నీటిలో చేయి కడుగుకొనుటకు మిగులునది తక్కువ. ఇరుకైన లైన్లలో మురుగు వాకిట నిలుచును. మాటిమాటికి విరేచనములైన బిడ్డకు తినినది నిలువదు. అట్టి సమయమున "పొట్టకు విశ్రాంతి" అని తిండి మానిపించుట గాయముపై కారము చల్లుటయే. పాలు మానక, మెత్తని తిండి మానక, ఉప్పు-చక్కెర ద్రావణపు పొట్లము నీట కలిపి పట్టించి, వైద్యుడు చెప్పిన కొలతను 14 దినములు జింకు మాత్రలు వేయవలెను.

ఇట్టి బిడ్డలకొరకే 1975 అక్టోబరు 2న శిశు అభివృద్ధి పథకము మొదలైనది. 2013 నాటి ఆహారభద్రతా చట్టము ఆరు నెలలు మొదలు ఆరేండ్ల బిడ్డల ఆహారమును హక్కుగ చేసినది. అంగన్‌వాడీలో తిండి, పాలు, వారమున కొన్ని దినములు గ్రుడ్డు ఇత్తురు. బిడ్డను తూచి కార్డున వ్రాయుదురు. "అది కూలివారి పిల్లల బడి, మా బిడ్డను అచట కూర్చుండబెట్టుదుమా?" అని మనలో కొందరు ముఖము చిట్లింతురు. ఇంట సరిగ పెట్టరు, పెట్టుచోటికి పంపరు. "అమ్మ పెట్టదు, అడుక్కుతిననీయదు" అను సామెత వీరికొరకే పుట్టినది. గ్రుడ్డు తినని ఇంటివారు తినవలదు; పాలు, పప్పులు ఇంకొంచెము హెచ్చుగ పెట్టుకొనుడు. తిను బిడ్డ చేతినుండి మాత్రము గ్రుడ్డు లాగకుడు.

ప్రభుత్వమును సైతము ఒకటి అడుగవలసియున్నది. తాయి కార్డును, గోడపత్రములను కన్నడములోనే అచ్చువేయుచున్నారు. కన్నడము మనమున్న నాటి భాష. దానిని నేర్వవలసినదే, మన పిల్లలు నేర్చుచునేయున్నారు. కాని పగలంతయు బిడ్డను పట్టుకొను తెలుగు అవ్వకు ఆ కార్డులోని హెచ్చరిక ఎవరు చదివి చెప్పుదురు? ఒక తాలూకాలోగాని, పురపాలకములోగాని నూటికి 15-20 మంది అల్పసంఖ్యాక భాషవారున్నచో ముఖ్య ప్రకటనలను వారి భాషలోను వెలువరించుట మేలని 1956లో కేంద్రప్రభుత్వమే చెప్పినది. నాటకములకును నామఫలకములకును ఆ హక్కును అడిగినవారము, బిడ్డ ప్రాణమునకు అడుగవలదా? ఐనను "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నారు పెద్దలు. కావున మొదట మన సంఘము చేయవలసిన పనులను సభ్యుల ముందుంచుచున్నాము.

మొదటిది: మేము త్రాసు పట్టి బ్రతుకువారము. వర్తకులము కూడి సంఘమందిరమునకు మంచి శిశుత్రాసు నొకదానిని ఇచ్చెదము. నెలకొకమారు రెండేండ్లలోపు బిడ్డలనందరిని అంగన్‌వాడీ కార్యకర్త సమక్షమున తూచవలెను. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ అయిదు నెలలకు 6, ఏడాదికి 9 కిలోలకు రావలెను. ఆరు నెలలు దాటిన బిడ్డ భుజమునకును మోచేతికిని నడుమ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గినచో జాగ్రత్త, 11.5కు తగ్గినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. మంత్రగాని యొద్దకు కాదు.

రెండవది: కడుపుతో నున్న కోడలికిని, బాలింతకును ఇంట మొదటి కంచము వడ్డింపవలెను. అత్తగారే స్వయముగ వడ్డించినచో మరియు శోభ. ఏడాది దాటిన బిడ్డకు వేరు కంచము పెట్టవలెను. అప్పుడే ఎంత తినినదో తెలియును.

మూడవది: స్త్రీల శాఖవారు రాగిసరి కూడి తయారుచేసి కొనుగోలు ధరకే ఇయ్యవలెను. సరకును అసలు ధరకు మేము సమకూర్చెదము.

నాలుగవది: రైలెక్కు తల్లుల బిడ్డలకొరకు మందిరములోని వెనుకగదిలో శిశువిహారమును నెలకొల్పవలెను. సంవత్సరమున పది దినములు మాత్రమే తెరచు ఆ గదికి ఇంతకంటె పుణ్యమైన ఉపయోగము లేదు.

అయిదవది: పదునెనిమిది నిండని బాలిక పెండ్లికి సంఘసభ్యులెవరును పోరాదు, చదివింపులు చదివింపరాదు.

దీనికి ధనమెక్కడిది అని అడుగుదురు. ఉత్సవపు పందిళ్ళకు, దండలకు, ధ్వనివర్ధకములకు వచ్చిన చోటినుండియే వచ్చును. అభ్యంతరముగలవారు వచ్చు సర్వసభ్య సమావేశమున లేచి చెప్పుదురు గాక. సమాధానము చెప్పుటకు మేము సిద్ధముగ నున్నాము.

మన తాతలు ఈ చాంపియన్ రీఫ్స్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతైన గనులలోనికి దిగిరి. అచటనుండి తెచ్చిన రాతిని పొడిచేసి, టన్నుకు కొన్ని గ్రాముల బంగారమును సైతము వదలక లెక్కగట్టి తీసిరి. గ్రాము బంగారమునకు అంత శ్రద్ధ చూపిన ఊరు, కిలో తగ్గిన బిడ్డను చూచియు చూడనట్లుండుట తగునా? సభ్యులు యోచింతురు గాక.